నాటకానికి హాలు నిండినా నష్టం ఎందుకొస్తుంది? కళలు, పోషణ, కళాకారుల బతుకు లెక్కలు

పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయల సాయం ప్రకటించింది. 2024 మే నెలలో హైదరాబాద్ శివార్లలో భవనం కడుతున్న చోట ఆయన కూలి పని చేస్తున్న దృశ్యాలు వార్తల్లో వచ్చాయి. ఆ కోటి ఏమైందని అడిగినవాళ్లున్నారు. ఈ దేశంలో కళకు విలువే లేదని బాధపడినవాళ్లున్నారు. పద్మ పురస్కారంతో నగదు రాదన్న సంగతి చాలామందికి అప్పుడే తెలిసింది.

నాకు మాత్రం ఆ దృశ్యం చూశాక ఒక ప్రశ్న మిగిలిపోయింది. లక్షలమంది విన్న గొంతుకు, అంత అరుదైన వాద్యానికి, నెలనెలా ఇల్లు గడిపే ఆదాయం ఎందుకు లేదు?

దీనికి సమాధానం వెతకాలంటే మనం ఒకే ముద్దగా మాట్లాడుకునే మూడు విషయాలను విడదీయాలి. ఒకటి, కళల్లో ఎంతమంది పాలుపంచుకుంటున్నారు. రెండు, ఆ ఖర్చు ఎవరు భరిస్తున్నారు. మూడు, కళాకారుడు దేని మీద బతుకుతున్నాడు. జనం వస్తే డబ్బు వస్తుంది, డబ్బు వస్తే కళాకారుడు బతుకుతాడు అని ఈ మూడింటినీ గొలుసుగా చూడటం మనకు అలవాటు. అరవై ఏళ్లుగా ఆర్థికవేత్తలు, సామాజికవేత్తలు చేసిన పరిశోధనలు చూస్తే ఈ గొలుసు రెండు చోట్లా తెగే ఉంది.

బతుకమ్మ ఆడిన మహిళ ఏ లెక్కలోకి వస్తుంది?

ముందు, పాలుపంచుకోవడం అంటే ఏమిటి? పరిశోధకులు దీన్ని మూడు రకాలుగా చూస్తారు: వెళ్లి చూడటం, స్వయంగా చేయడం, రేడియో, టీవీ, ఫోను వంటి వాటి ద్వారా వినడం, చూడటం. విడివిడిగా చూస్తే సులువుగానే ఉంది. సర్వే ఫారం చేతిలోకి వచ్చాకే తంటా మొదలవుతుంది.

సిద్దిపేట దగ్గర పల్లెలో ఒక మహిళను ఊహించుకోండి. పొద్దున్నే పొలం గట్ల మీద తంగేడు, గునుగు పూలు కోసుకొచ్చింది. గునుగుకు రంగులద్ది, వరుస తర్వాత వరుస పేర్చి, పైన గౌరమ్మను నిలిపింది. సాయంత్రం చప్పట్ల లయకు వంగుతూ లేస్తూ పాట అందుకుంది. తల్లి దగ్గర నేర్చుకున్న పాట అది, ఏ కాగితం మీదా లేదు. ఇలా తొమ్మిది రోజులు. ఆ తర్వాత ఒక సర్వే ఉద్యోగి వచ్చి, గత ఏడాది కాలంలో మీరు సంగీత కచేరీకి గాని, నృత్య ప్రదర్శనకు గాని, నాటకానికి గాని వెళ్లారా అని అడిగాడు. ఆమె లేదంది. ఆమె అబద్ధం చెప్పలేదు. సర్వే కూడా తప్పు రాసుకోలేదు. అయినా ఆ ఊళ్లో కళ లేదని నివేదికలో తేలుతుంది.

ఇది కేవలం ఊహ కాదు. మన కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఆరేళ్లు దాటినవారు సంస్కృతి, విరామం, ప్రసార మాధ్యమాలు, క్రీడల మీద రోజుకు 171 నిమిషాలు గడుపుతున్నారు. ఎంత కళాభిమానం అనిపిస్తుంది. కానీ టీవీ ముందు కూర్చోవడం, ఫోనులో వీడియోలు చూడటం, క్రికెట్ ఆడటం, వీణ సాధన చేయడం అన్నీ ఈ ఒక్క శీర్షిక కిందికే వస్తాయి. ఊరంతా కలిసి చేసుకునే సాంస్కృతిక వేడుకలు మాత్రం ఈ శీర్షికలో ఉండవు. అవి పలకరింపులు, సామాజిక కార్యక్రమాలు, పూజలతో పాటు మరో శీర్షికలోకి వెళ్తాయి. అంటే టీవీలో నాట్యం చూసినవాళ్లు సంస్కృతి లెక్కలోనూ, బతుకమ్మ ఆడిన ఆమె వేరే లెక్కలోనూ పడతారు. ఈ వర్గీకరణ ఐక్యరాజ్యసమితి ప్రమాణాల నుంచి వచ్చింది. దేశాల మధ్య పోలికకు అది అవసరమే. అయితే 171 నిమిషాల అంకెను పట్టుకుని మన కళల ఆరోగ్యం గురించి ఏ మాట చెప్పబోయినా ఈ సంగతి గుర్తుండాలి.

అమెరికాలో ఇదే గొడవ మరింత స్పష్టంగా బయటపడింది. అక్కడ 1965లో ఏర్పడిన జాతీయ కళల నిధి సంస్థ 1982 నుంచి జనగణన శాఖతో కలిసి కళల్లో ప్రజల పాత్ర మీద సర్వే చేయిస్తోంది. జాజ్, శాస్త్రీయ సంగీతం, ఒపేరా, సంగీత నాటకం, మామూలు నాటకం, బ్యాలే, చిత్రకళా ప్రదర్శనశాలలు అనే జాబితాలో ఏదో ఒకదానికి ఏడాదిలో ఒక్కసారైనా వెళ్లినవారు 1992లో 41 శాతం. 2008 నాటికి అది 34.6 శాతానికి పడిపోయింది. పత్రికలు కళలు చచ్చిపోతున్నాయని రాశాయి. తర్వాత పరిశోధకులు అదే 2008 సర్వే సమాధానాలను తీసుకుని, వెళ్లి చూసినవారితో పాటు స్వయంగా పాడినవారిని, బొమ్మలు వేసినవారిని, మాధ్యమాల ద్వారా విన్నవారిని, చూసినవారిని కూడా కలిపి లెక్కించారు. 74 శాతం తేలింది. ఏడాది అదే, జనం వాళ్లే. ప్రశ్న మారేసరికి మూడో వంతు కాస్తా ముప్పాతిక అయింది.

అలాగని మొదటి అంకె పనికిరాదని కాదు. టికెట్టు కొని హాలుకు వచ్చేవాళ్లు తగ్గడం నాటక సమాజానికి నిజమైన దెబ్బే, ఇంట్లో కూర్చుని వినేవాళ్లు పెరిగితే ఆ దెబ్బ మానదు. సాంస్కృతిక జీవితం ఎలా ఉందన్నది ఒక ప్రశ్న, కళా సంస్థల ఆదాయం ఎలా ఉందన్నది మరో ప్రశ్న. రెండింటికీ ఒకే అంకె చూపించినప్పుడే వాదన పెడదారి పడుతుంది.

సురభి తెర వెనక తాడు లాగే మనిషి

ఇక డబ్బు సంగతి. ఇక్కడే అసలు చిక్కుంది.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ నాటకంతో మొదలైన సురభి నాటక సమాజాలు నాలుగైదు తరాలుగా కుటుంబాలుగానే నాటకాలు ఆడుతున్నాయి. ఒకప్పుడు పదుల సంఖ్యలో ఉన్న కంపెనీలు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. వాళ్ల మాయాబజార్ చూసినవారికి ఘటోత్కచుడి భోజనం మరపురాదు. లడ్డు పళ్లెంలోంచి లేచి గాలిలో తేలుతూ వచ్చి నోట్లోకి వెళ్తుంది. ముందు వరుసలో పిల్లలు కేరింతలు కొడతారు. ఆ లడ్డును కదిలించేది తెర పక్కన చీకట్లో సన్నని తీగ పట్టుకుని నిలబడిన మనిషి. అతడి చూపు నటుడి దవడ మీదే ఉంటుంది. నోరు తెరిచిన క్షణానికి లడ్డు అందాలి. ఒక్క క్షణం తేడా వస్తే మాయ విరిగిపోతుంది.

ఇప్పుడు ఆర్థికవేత్త అడిగే ప్రశ్న: వందేళ్ల కిందట ఈ దృశ్యానికి ఎంతమంది కావాల్సి వచ్చింది? ఇప్పుడు ఎంతమంది కావాలి? అంతేమంది.

అమెరికాలోని ప్రిన్స్‌టన్ ఆర్థికవేత్తలు విలియం బామోల్, విలియం బోవెన్ 1966లో రంగస్థల కళల ఆర్థిక స్థితి మీద వెలువరించిన అధ్యయనంలో పట్టుకున్నది ఈ సూత్రాన్నే. అయిదుగురు వాద్యకారులు అరగంట సేపు వాయించాల్సిన సంగీతానికి రెండున్నర మనిషి గంటలు పడతాయి. శతాబ్దం మారినా ఆ రెండున్నర గంటలు తగ్గవు. మిగతా ఆర్థిక వ్యవస్థ అలా లేదు. చేమగ్గం ఉన్నచోట మరమగ్గం వచ్చింది, ఒక మనిషి గంటలో నేసే బట్ట ఎన్నో రెట్లు పెరిగింది. నాగలి పోయి ట్రాక్టరు వచ్చింది. ఉత్పత్తి పెరిగినచోట కూలి పెరిగింది. ఆ కూలి పెరుగుదల చుట్టుపక్కల పనులన్నింటికీ పాకింది. నటుడు కూడా అదే బజారులో బియ్యం కొనుక్కోవాలి, అదే ఊళ్లో అద్దె కట్టాలి. కాబట్టి అతడి పారితోషికమూ పెరగాలి. అతడు మాత్రం మాయాబజార్‌ను రెట్టింపు వేగంతో ఆడలేడు. పని వేగం పెరగకుండా ఖర్చు మాత్రం పెరుగుతూ పోయే ఈ స్థితికే ఖర్చుల జబ్బు అని పేరు స్థిరపడింది.

లెక్క వేసి చూద్దాం. అంకెలు ఊహించుకున్నవే. ఒక నాటకానికి నటులు, హార్మోనియం, తబలా, తెర వెనక మనుషులు కలిపి 20 మంది. తలకు 1,500 చొప్పున 30,000 రూపాయలు. హాలు అద్దె 12,000. దీపాలు, మైకు, వ్యాను కలిపి 8,000. మొత్తం 50,000. హాలులో 300 కుర్చీలు, టికెట్టు వంద రూపాయలు. ఒక్క కుర్చీ కూడా ఖాళీ లేదు. వసూలు 30,000. నష్టం 20,000.

పదేళ్లు గడిచాయి. చుట్టుపక్కల కూలి రేట్లు రెట్టింపయ్యాయి. మనుషుల ఖర్చు 60,000 అయింది, మిగతా ఖర్చులు 30,000కు చేరాయి, మొత్తం 90,000. టికెట్టు కూడా రెట్టింపు చేసి 200 పెట్టారు. మళ్లీ హాలు నిండింది. వసూలు 60,000. నష్టం 30,000. రెండుసార్లూ ప్రేక్షకులు పూర్తిగా వచ్చారు, ధర రెట్టింపు చేశారు, నిర్వాహకులు ఏ పొరపాటూ చేయలేదు. అయినా గుంట లోతయింది. నష్టం రాకూడదంటే టికెట్టు 300 రూపాయలు ఉండాలి, అప్పుడు కుర్చీలు నిండవు. ఈ లెక్కలో రిహార్సళ్లు లేవు. 20 మంది నెల రోజుల పాటు సాయంత్రాలు వెచ్చించిన గంటలకు ఎవరూ ఖరీదు కట్టలేదు. వాటి సంగతి మళ్లీ వస్తుంది.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. బామోల్ చెప్పింది కళలను సమాజం భరించలేదని కాదు. మరమగ్గాల వల్ల, యంత్రాల వల్ల సమాజం మొత్తం సంపద పెరుగుతోంది కదా, ఆ పెరిగిన సంపదలోంచి నాటకానికి ఎక్కువ ఇవ్వగల శక్తి మనకు ఏటేటా పెరుగుతోంది. ఇవ్వాలా వద్దా అన్నది మన నిర్ణయం. బడిలో పాఠం చెప్పడం, ఆసుపత్రిలో రోగిని చూసుకోవడం కూడా ఇదే జబ్బు ఉన్న పనులు. ఖర్చు పెరుగుతోందని వాటిని మూసేయాలని ఎవరూ అనరు.

రికార్డింగు వచ్చాక ఈ సూత్రం నిలుస్తుందా?

బామోల్ వాదనను ఒప్పుకోనివాళ్లున్నారు, వాళ్ల మాటలో బలం ఉంది. టైలర్ కోవెన్ అనే ఆర్థికవేత్త 1996లో రాసిన వ్యాసంలో ఈ జబ్బును తాను నమ్మనని నేరుగానే చెప్పారు. ఆయన వాదన సారం ఇది: సంగీతకారుడి ఉత్పత్తిని హాలులో గంటలతో కొలవడమే తప్పు. ఒకసారి పాడిన పాట రికార్డయితే కోట్లమందికి చేరుతుంది. తలకు పడే ఖర్చు దాదాపు సున్నా. పైగా కొత్త కళారూపాలు పుడతాయి, కొత్త వాద్యాలు, కొత్త పద్ధతులు వస్తాయి. అదే నాటకాన్ని అదే తీరున ఆడాలన్న పట్టుదల వల్లనే జబ్బు కనిపిస్తోంది.

తెలుగు నేల మీద దీనికి రుజువులున్నాయి. గ్రామఫోను రికార్డులు వచ్చాక పద్యనాటకాల నటుల గొంతులు వాళ్లు ఎన్నడూ చూడని ఊళ్లకు వెళ్లాయి. సురభి కుటుంబం నుంచే తొలి తెలుగు టాకీకి కథానాయిక కమలాబాయి వచ్చారు. ఇవాళ ఒక జానపద గాయని పాట ఫోనులో వారం తిరగకుండా దేశాలు దాటుతోంది.

అయితే చేరిన ప్రతిచోటి నుంచీ డబ్బు తిరిగి వస్తుందా, వస్తే ఎవరికి వస్తుంది? 1981లో షెర్విన్ రోజెన్ అనే ఆర్థికవేత్త తారల ఆర్థికాన్ని వివరిస్తూ, అంతకు చాలా ముందు ఆల్ఫ్రెడ్ మార్షల్ ఇచ్చిన ఉదాహరణను గుర్తుచేశారు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో లండన్‌లో మిసెస్ బిల్లింగ్టన్ అనే గాయని ఒక్క సీజనులో పదివేల పౌండ్లు సంపాదించారు. మనిషి గొంతు చేరే దూరానికి హద్దు ఉన్నంతకాలం ఎవరూ దాన్ని పెద్దగా మించలేరని మార్షల్ అభిప్రాయం. మైకు, రికార్డు, ఉపగ్రహం ఆ హద్దును చెరిపేశాయి. హద్దు చెరిగాక జరిగింది ఏమిటంటే, శ్రోత తన ఊరి మంచి గాయకుడిని వినాల్సిన అవసరం లేకుండా పోయింది. దేశంలోనే మేటి గొంతు అదే ధరకు దొరుకుతోంది. మేటికీ, దాని పక్కనున్న దానికీ ప్రతిభలో తేడా వీసమెత్తే అయినా, ఆదాయంలో తేడా కొండంత అవుతుంది.

కాబట్టి కోవెన్ మాట నిజమే, బామోల్ మాటా నిజమే. కళ మొత్తానికి మార్కెట్టు పెరిగింది. ఊళ్లో బతుకుతూ, ఎదుట మనుషులుంటేనే సాగే కళకు ఆ మార్కెట్టులో చోటు చిన్నదయింది. ఒగ్గు కథకుడు మల్లన్న కథ చెబుతూ ఎదుట కూర్చున్న ముసలాయన పేరు కథలోకి లాక్కొస్తాడు. రికార్డింగులో ఆ పేరు ఉండదు.

ఊరి మీద హక్కు నుంచి దరఖాస్తు ఫారం దాకా

ఖర్చుకూ వసూలుకూ మధ్య గుంట మన పెద్దలకు కొత్త కాదు. దాన్ని పూడ్చే ఏర్పాట్లు ఎప్పుడూ ఉన్నాయి. రాజుల అగ్రహారాలు, ఈనాముల గురించి మనం ఎక్కువగా చదువుకున్నాం. అంతకంటే విస్తృతమైన ఏర్పాటు ఒకటి పల్లెల్లో ఉండేది, అది నాకు మరింత ఆసక్తికరం.

తెలంగాణలో ఎన్నో కులాలకు తమ కులపురాణం చెప్పే ఆశ్రిత కళాకారులున్నారు. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, గౌడులకు గౌడజెట్టీలు, మాదిగలకు చిందువారు. ఏ కుటుంబం ఏ ఊళ్లలో కథ చెప్పాలో మిరాశీ హక్కుగా నిర్ణయమై ఉండేది. పంట వచ్చాక ఆ బృందం ఊరికి వస్తుంది, ఆ కులం ఇళ్లన్నీ ధాన్యమో, డబ్బో, బట్టలో ఇవ్వాలి. కథ బాగుందా లేదా అన్నదాన్ని బట్టి ఇచ్చేది కాదు, అది వాళ్ల హక్కు. మిరాశీ ఊళ్లను అన్నదమ్ములు ఆస్తిలా పంచుకునేవారు. అందరూ కొంచెం కొంచెం ముందే వేసుకుని, ఏటా ఒకసారి కళను అందుకునే ఈ పద్ధతిలో టికెట్టు లేదు, ఖాళీ కుర్చీ లేదు, నష్టమూ లేదు.

దీన్ని స్వర్ణయుగంగా చెప్పుకోలేం. ఆ హక్కు కులంతో ముడిపడింది. కళాకారుడి బిడ్డకు కళ తప్ప మరో దారి ఉండేది కాదు. ఊరి చివర గుడారం వేసుకుని, ఆశ్రితులన్న చిన్నచూపును భరిస్తూ అందుకోవాల్సిన ధాన్యం అది. యువతరం దాన్ని వదిలి చదువుల్లోకి, పట్నాల్లోకి వెళ్లడాన్ని కళ నష్టంగా మాత్రమే చూసేవాళ్లు ఆ బిడ్డల పక్షాన ఒక్కసారి నిలబడి చూడాలి. పాత కట్టుబాటు పోవడం మంచిదే. దాని వెంటే పోషణ కూడా పోయింది, ఆ చోటు ఖాళీగా ఉంది.

స్వాతంత్ర్యం తర్వాత ఆ ఖాళీలోకి రాజ్యం వచ్చింది. 1953లో సంగీత నాటక అకాడమీ, 1954లో సాహిత్య అకాడమీ, లలిత కళా అకాడమీ ఏర్పడ్డాయి. డబ్బు ప్రభుత్వం ఇస్తుంది, ఎవరికి ఇవ్వాలన్నది కళ తెలిసినవారి సంఘం నిర్ణయిస్తుంది అన్నది వీటి వెనక ఆలోచన. బ్రిటన్‌లో 1946లో ఆర్థికవేత్త కీన్స్ తొలి అధ్యక్షుడిగా ఏర్పడిన కళల మండలిది కూడా ఇదే పద్ధతి. ఇచ్చే చేయి దూరంగా ఉండాలి అన్నది సూత్రం. ఆచరణలో ఆ దూరం ఎంతుందన్నది ప్రతి దేశంలోనూ వాదనే.

2025-26 కేంద్ర బడ్జెట్ అంచనాల్లో సంస్కృతి మంత్రిత్వ శాఖకు దాదాపు 3,360 కోట్లు కేటాయించారు. మొత్తం బడ్జెట్ 50 లక్షల కోట్లకు పైమాటే. వంద రూపాయల్లో ఏడు పైసల లోపు. అందులోనూ మూడో వంతుకు పైగా పురావస్తు శాఖకు వెళ్తుంది. కట్టడాలకు ఆ ఖర్చు అవసరమే. మ్యూజియాలు, గ్రంథాలయాలు కూడా పోగా, బతికున్న కళాకారుడి దాకా వచ్చేది సన్నని ధార. గురుశిష్య పరంపర పథకంలో గురువుకు నెలకు 15,000 రూపాయలు, వయసును బట్టి శిష్యుడికి 2,000 నుంచి 10,000 దాకా ఇస్తారు. పాతికేళ్ల నుంచి నలభై ఏళ్ల వయసువారికి 200, నలభై దాటినవారికి 200, దేశం మొత్తానికి ఏడాదికి నాలుగు వందల ఫెలోషిప్పులు. అరవై దాటిన పేద కళాకారులకు నెలకు 6,000 వరకు సాయం ఉంది, వార్షిక ఆదాయం 72,000 మించకూడదు. కళకు ఇచ్చే సాయంగా మొదలైనది ఇక్కడికి వచ్చేసరికి పేదరికానికి ఇచ్చే సాయంగా మారిపోతుంది. ఆదాయ ధ్రువీకరణ పత్రం కోసం తహసీల్దారు కార్యాలయం ముందు నిలబడే వృద్ధ కళాకారుడు అక్కడ నిరూపించుకోవాల్సింది తన విద్యను కాదు, తన లేమిని. నాకు ఇది బాధ కలిగించే విషయం.

తెలంగాణ ఏర్పడ్డాక రాష్ట్ర ప్రభుత్వం మరో దారి పట్టింది. సాంస్కృతిక సారథి పేరుతో 550 మంది ఉద్యమ గాయకులను, కళాకారులను జీతం మీద తీసుకుంది. నెలనెలా జీతం అన్న మాట పాటగాడి ఇంట్లో ఎంత పెద్ద మార్పో అనుభవించినవాళ్లకే తెలుసు. అయితే వారి ముఖ్యమైన పని ప్రభుత్వ పథకాల ప్రచారం. ఉద్యమంలో అధికారాన్ని ప్రశ్నించిన పాట ఇప్పుడు అధికారం జీతం మీద ఏం పాడగలదని విమర్శకులు అడిగారు. ఆకలితో ఉన్న గొంతు స్వేచ్ఛగా ఉన్నట్టా అని సమర్థకులు అడిగారు. నాకు రెండు ప్రశ్నలూ న్యాయంగానే తోస్తాయి.

కంపెనీల వైపు నుంచి వచ్చేది ఇంకోటి. 2013 కంపెనీల చట్టం నిర్ణీత స్థాయి దాటిన సంస్థలు సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలంటుంది. అర్హమైన పనుల్లో కళ, సంస్కృతి, వారసత్వ రక్షణ ఉన్నాయి. విద్య, వైద్యం ముందు వరుసలో ఉండగా కళ వంతు వచ్చేసరికి మిగిలేది కొద్దే.

అందరి పన్నుతో కొందరి వినోదమా?

కళలకు ప్రజాధనం ఇవ్వడం మీద గట్టి అభ్యంతరం ఒకటుంది. ఫ్రెంచి సామాజికవేత్త పియర్ బూర్దియూ 1960లలో ఐరోపా మ్యూజియాల సందర్శకులను అధ్యయనం చేసి, లోపలికి ఎవరు వస్తారో నిర్ణయించడంలో టికెట్టు ధర కంటే చదువు, పెరిగిన వాతావరణమే ముఖ్యమని చూపించారు. తలుపు తెరిచే ఉన్నా అది తమ కోసం కాదనుకునేవారు లోపలికి రారు. 2001 చివర్లో బ్రిటన్ జాతీయ మ్యూజియాలకు ప్రవేశ రుసుము ఎత్తేసింది. సందర్శనలు బాగా పెరిగాయి. వచ్చేవాళ్లు ఏ వర్గం వారన్నది పెద్దగా మారలేదు, అంతకు ముందు వచ్చేవాళ్లే మరిన్నిసార్లు వచ్చారు. ఈ లెక్కన కళలకు ఇచ్చే సబ్సిడీ పేదల పన్నుతో బాగా చదువుకున్నవారి సాయంత్రాలకు రాయితీ ఇవ్వడమే అవుతుందని అభ్యంతరం.

అవతలి వాదన: ఈరోజు పోషించకపోతే రేపు కావాలనుకున్నా ఉండదు. కిన్నెర మెట్లు అమర్చే చేతులు ఒక తరం ఆగిపోతే మళ్లీ రావు. నేనెన్నడూ చూడకపోయినా నా మనవరాలు చూడగలగాలి అనుకునే విలువ టికెట్టు ధరలో కనిపించదు. ఆర్థికవేత్తలు దాన్ని కూడా కొలిచే పద్ధతులు వెతుకుతున్నారు.

ఈ తగాదాలో నాకు తోచింది ఒక్కటే. ఏ కళకు ఇస్తున్నాం అన్నదాన్ని బట్టి అభ్యంతరం బరువు మారుతుంది. నగరంలో చల్లని హాలులో జరిగే కచేరీకి బూర్దియూ ప్రశ్న సూటిగా తగులుతుంది. చిందు బృందానికి ఇచ్చే డబ్బు విషయంలో అదే ప్రశ్నకు పదును ఉండదు, అక్కడ కళాకారుడూ ప్రేక్షకుడూ ఇద్దరూ పేదలే.

అన్నింటికంటే పెద్ద దాత

రిహార్సళ్ల గంటల దగ్గర ఆగాం కదా. ఆ గంటల ఖరీదు ఎవరు కట్టినట్టు? నటుడే.

ఆస్ట్రేలియాలో డేవిడ్ థ్రోస్బీ అనే ఆర్థికవేత్త 1980ల నుంచి వృత్తి కళాకారుల మీద వరుసగా సర్వేలు చేస్తున్నారు. 2017లో వెలువడిన ఫలితాల్లో కళాకారుడి సగటు వార్షికాదాయం 48,400 ఆస్ట్రేలియన్ డాలర్లు. అందులో సృజన పని వల్ల వచ్చింది 18,800 మాత్రమే. మిగతాది పాఠాలు చెప్పి, వేరే ఉద్యోగాలు చేసి తెచ్చుకున్నది. 1994లో ఆయన ప్రతిపాదించిన నమూనా ఈ ప్రవర్తనను వివరిస్తుంది. మామూలు ఆర్థికశాస్త్రం ప్రకారం జీతం పెరిగితే మనిషి ఆ పని ఎక్కువగా చేస్తాడు. కళాకారుడు తిరగేసి చేస్తాడు. వేరే ఉద్యోగంలో గంటకు ఎక్కువ వస్తే, ఇంటి ఖర్చుకు సరిపడినంత త్వరగా సంపాదించుకుని, మిగిలిన గంటలు కళకు పెడతాడు. డబ్బు అతడికి సమయాన్ని కొనుక్కునే సాధనం.

మన దగ్గర ఇది కళ్లముందున్నదే. పగలు బ్యాంకులోనో బడిలోనో పని చేసి రాత్రి పరిషత్తు నాటకానికి రిహార్సల్ చేసేవారు, ప్రయాణ ఖర్చులు సొంతంగా పెట్టుకునేవారు ప్రతి జిల్లాలో ఉన్నారు. కూచిపూడి కళాకారుల్లో చాలామందికి, ఇక్కడైనా అమెరికాలోనైనా, నిలకడైన ఆదాయం శిష్యుల ఫీజులే. ప్రదర్శనల మీద అంత భరోసా లేదు. ప్రభుత్వమూ కాదు, కంపెనీలూ కాదు, తక్కువ డబ్బుకో ఉచితంగానో పని చేసే కళాకారుడే కళకు అన్నింటికంటే పెద్ద దాత.

ఈ దానాన్ని ఎవరు చేయగలరు? ఉద్యోగం ఉన్నవారు, ఇంట్లో మరో సంపాదన ఉన్నవారు. రెక్కాడితే గాని డొక్కాడని ఇంటి బిడ్డకు సాయంత్రాలు దానం చేసే స్తోమత ఉండదు. కళాకారులను ఏరివేసేది ప్రతిభ లేకపోవడం ఒక్కటే కాదు, ఈ జల్లెడ కూడా.

ఐర్లాండ్ ఈ ముడి దగ్గరే ఒక ప్రయోగం చేసింది. 2022లో 2,000 మంది కళాకారులకు వారానికి 325 యూరోలు, మూడేళ్ల పాటు, ఏ షరతూ లేకుండా ఇచ్చింది. అర్హులైన దరఖాస్తుదారులు ఎనిమిది వేలకు పైగా ఉంటే లాటరీ తీసింది. డబ్బు అందని మరో 1,000 మందిని పోలిక కోసం గమనించింది. డబ్బు అందినవారు కళకు ఎక్కువ గంటలు ఇచ్చారు, వారిలో ఆందోళన తగ్గింది. 2025లో వచ్చిన విశ్లేషణ, మానసిక ఆరోగ్యం వంటి సామాజిక ప్రయోజనాలను కూడా కలుపుకుని, పెట్టిన ప్రతి యూరోకూ 1.39 యూరోల ప్రయోజనం వచ్చిందని లెక్కగట్టింది. ఆరోగ్యానికీ ఆనందానికీ డబ్బు రూపంలో విలువ కట్టే పద్ధతి మీద ఆధారపడిన అంకె అది, అందుకే దాన్ని జాగ్రత్తగా చదవాలి. లాటరీలో గొప్ప కళాకారుడికి రాకుండా మామూలు వ్యక్తికి రావచ్చన్న విమర్శ ఉంది. నిపుణుల సంఘం పరిచయాలను బట్టి ఎంపిక చేయడం కంటే లాటరీ నయమన్న జవాబూ ఉంది.

ఈ ప్రయోగం వెలుగులో మొగిలయ్య కథను మళ్లీ చూస్తే, ఒకసారి వచ్చే పెద్ద మొత్తానికీ నెలనెలా వచ్చే చిన్న మొత్తానికీ తేడా తెలుస్తుంది. పెద్ద మొత్తం వచ్చిన ఏ పేద ఇంట్లోనైనా అది పెళ్లిళ్లకు, అప్పులకు, స్థలానికి పోతుంది. పోవడంలో తప్పేమీ లేదు, ఆ అవసరాలు నిజమైనవే. కిన్నెర సాధనకు, శిష్యుడిని పక్కన కూర్చోబెట్టుకోవడానికి కావాల్సింది మాత్రం రేపటి బియ్యం గురించి దిగులు లేని మామూలు మంగళవారం.

చుట్ట విప్పితే కథ, కత్తిరిస్తే బొమ్మ

సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ చిత్రకారులు తరాలుగా పటాలు గీశారు. పైన చెప్పిన కూనపులివారు, కాకిపడగలవారు వచ్చి తమ కులపురాణానికి పటం గీయించుకునేవారు. ఖాదీ గుడ్డకు చింతగింజల జిగురు, సుద్ద పట్టించి, ఎర్రని నేపథ్యం మీద అడుగుల కొద్దీ పొడవున అంతస్తులుగా కథంతా వేసేవారు. కథకుడు పటాన్ని వేలాడదీసి, పుల్లతో ఒక్కో బొమ్మనూ చూపిస్తూ రాత్రుళ్ల తరబడి పాడేవాడు. పాతబడ్డ పటాన్ని పారేయకుండా నీళ్లలో నిమజ్జనం చేసేవారు.

ఇవాళ చేర్యాల బొమ్మకు గిరాకీ ఉంది. భౌగోళిక గుర్తింపు వచ్చింది, హస్తకళల మేళాల్లో దుకాణాలున్నాయి. ఎందుకంటే బొమ్మను గీసి దాచిపెట్టవచ్చు, పార్సిలు చేయవచ్చు, గీసిన మనిషి పక్కన లేకుండానే అది అమ్ముడుపోతుంది. కథకుడి గొంతుకు ఆ వెసులుబాటు లేదు. రెండు కుటుంబాలు కలిసి పోషించిన ఒకే కళలో, మనిషి నుంచి విడదీయగలిగిన సగానికి మార్కెట్టు దొరికింది, విడదీయలేని సగానికి దొరకలేదు.

మేళాలో అద్దాల చట్రంలో బిగించిన జానెడు బొమ్మను చూశాను. కల్లుకుండతో ఒక గౌడన్న, పక్కన అతడి భార్య. పటంలో అయితే ఆ బొమ్మ పైన ఒక అంతస్తు, కింద ఒక అంతస్తు ఉండేవి. కొనుక్కుంటున్న ఆమె, ఇది ఏ కథలోదని అడిగింది. దుకాణంలో కూర్చున్న అబ్బాయి కాసేపు ఆలోచించి, మా తాతకు తెలుసండీ అన్నాడు.